మొగలోని పిల్లచేప నుంచి ఇంటి కూర దాకా: గోదావరి డెల్టా ఊళ్ళు తమ వేటను నిలుపుకునే విధానం

కార్తీక మాసంలో తూర్పుగాలి తిరిగిన రోజుల్లో యానాం దగ్గర గౌతమి పాయలో చీరమేను పడుతుంది. పోటు నీటితో పాటు గుంపులుగా నదిలోకి ఎక్కే సన్నని చేపపిల్లలను పాత చీరలతో వడగట్టి పడతారు కనుక దానికి ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. సేర్ల లెక్కన కొలిచి అమ్మే ఆ పిల్లచేపలకు పండుగనాటి గిరాకీ ఉంటుంది. చింతకాయ వేసి మా అమ్మ వండిన చీరమేను రుచిని నేను మరచిపోలేదు. అయితే ఒక దోసెడు చీరమేనును తెల్లటి పళ్ళెంలో నీళ్ళు పోసి పరిచి నిదానంగా చూస్తే, అందులో ఉన్నది ఒక్క జాతి చేప కాదని, ఎన్నో జాతుల పిల్లలు కలిసి ఉన్నాయని కంటికే తెలుస్తుంది. వాటిలో బతికినవి కొన్ని నెలలకో ఏడాదికో పెద్దవై మన వలలకే పడవలసినవి.

భైరవపాలెం, బలుసుతిప్ప మొదలుకొని ఓడలరేవు, అంతర్వేది, బియ్యపుతిప్ప దాకా, నది సముద్రంలో కలిసే మొగల దగ్గర, ఉప్పుటేళ్ళ వెంట ఉన్న ఊళ్ళ కోసం ఈ మార్గదర్శిని రాస్తున్నాను. సముద్రాన్ని కాపాడడం గురించి మనం వినే మాటలు చాలావరకు దూరం నుంచి వచ్చినవి. చేపను తాకవద్దు అన్నట్లుగా అవి మన చెవిన పడతాయి. ఇక్కడ చెప్పదలచుకున్నది వేరు. కూలి చేసుకునే ఇంట్లో వారానికి రెండు మూడు రోజులైనా చేపల పులుసు ఉడకాలంటే, ఆ పులుసు మన మనవల కాలంలోనూ ఉడకాలంటే, ఊరు తన చేతిలో ఉన్న పనులను ఏ వరుసలో చేయవచ్చో చెప్పడమే నా ఉద్దేశం. ప్రపంచంలో పట్టే చేపలో దాదాపు 40 శాతం మనలాంటి చిన్న మత్స్యకారులే పడుతున్నారని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2023లో విడుదల చేసిన అధ్యయనం చెబుతోంది. పునరుత్పత్తి శక్తిని మించి వేటకు గురవుతున్న సముద్రపు చేప నిల్వల వాటా 2021 నాటికి 37.7 శాతానికి చేరిందని లెక్క కట్టినదీ అదే సంస్థ. ఈ రెండు సంఖ్యలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, చేప తగ్గినప్పుడు ముందుగా ఖాళీ అయ్యేది ఎవరి కుండో వేరే చెప్పనక్కరలేదు.

ముందు మన నీటి లెక్క తెలుసుకోవాలి

ఏ కట్టుబాటు పెట్టుకోవాలన్నా ఏ చేప ఎప్పుడు ఎక్కడ ఉంటుందో ఊరంతటికీ ఒకే రకంగా తెలిసి ఉండాలి. మన పెద్దలకు ఇది తెలుసు, కాని ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్కగా తెలుసు. కాబట్టి మొదటి పనిగా పడవ నడిపే సరంగులను, పడవ మీద పనిచేసే కళాసీలను, ఉప్పుటేళ్ళలో చేతులతో పీతలు పట్టేవారిని, గంపలు మోసి అమ్మే స్త్రీలను ఒకచోట కూర్చోబెట్టి, గచ్చు మీద సుద్దముక్కతో ఊరి నీళ్ళ పటం గీయించాలి. ఏ కయ్యలో, అంటే ఏ చిన్న ఉప్పునీటి పాయలో, రొయ్యపిల్ల ఆగుతుంది, ఏ తిప్ప వెనుక కత్తిపరిగలు మేస్తాయి, ఏ నెలలో ఏ చేప కడుపులో జన (గుడ్లు) కనిపిస్తుంది అన్నవన్నీ ఆ పటం మీదే గుర్తించాలి. గీసింది చెరిగిపోక ముందే కాగితం మీదికి ఎక్కించుకోవాలి.

ఆ పటాన్ని చదవడానికి కొన్ని సంగతులు సాయపడతాయి. రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. దాని పిల్లలు పోటుతో మొగ దాటి మడ అడవుల ఏళ్ళలోకి వచ్చి, కొన్ని నెలలు అక్కడ పెరిగి, తిరిగి సముద్రానికి పోతాయి. మండపీత ఏళ్ళలో పెరుగుతుంది, జతకట్టిన ఆడపీత గుడ్లు వదలడానికి సముద్రానికి దిగుతుంది. పులస దారి దీనికి ఎదురు. సముద్రంలో ఇలసగా తిరిగే ఆ చేప వరదనీరు దిగే రోజుల్లో మంచినీటిలో గుడ్లు పెట్టడానికి నదికి ఎదురెక్కుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ఆ ప్రయాణం అక్కడికే కుదించుకుపోయింది. పుస్తెలు అమ్మైనా పులస తినాలన్న మన సామెత ఆ చేప విలువను చెప్పింది గాని, గుడ్లతో ఎదురెక్కుతున్న తల్లిని మొగలోనే అడ్డుకుంటే వచ్చే ఏడు ఏమి తింటామో చెప్పలేదు. పండుగప్ప సంగతి మరీ విచిత్రం. అది మగచేపగా మొదలై, ఏళ్ళు గడిచి బాగా పెరిగాక ఆడచేపగా మారుతుంది. అంటే వలలో పడిన పెద్ద పండుగప్పలు దాదాపుగా అన్నీ తల్లులే.

వీటన్నిటి దారులూ కలిసేది మొగ దగ్గర, మడ ఏళ్ళలో. మన డెల్టా ఊళ్ళకు దక్కిన భాగ్యం ఆ స్థలమే, మనం ఎక్కువ జాగ్రత్తగా ఉండవలసిన స్థలమూ అదే.

నోటు పుస్తకం

వేట తగ్గిందని ఒడ్డున అందరూ అంటారు. ఎంత తగ్గింది, ఏ చేప తగ్గింది అంటే ఎవరి దగ్గరా జవాబు ఉండదు. ఊరికి పది పడవలను ఎంచుకొని, ప్రతి వేటకూ ఒక వరుస రాసే పుస్తకం పెట్టాలి. తేదీ, వెళ్ళిన చోటు, వల రకం, వల నీళ్ళలో ఉన్న గంటలు, కాల్చిన డీజిల్ లీటర్లు, పట్టిన కిలోలు, అందులో ముఖ్యమైన రెండు మూడు జాతులు, వచ్చిన ధర రాస్తే సరిపోతుంది. అంతకు మించి అడిగితే నెల తిరక్కముందే రాయడం మానేస్తారు. చదువుకున్న పిల్లలు ఇంటికొకరు ఉన్న ఈ రోజుల్లో ఇది పెద్ద పని కాదు. గ్రామంలో మత్స్యకారులకు సాయంగా ప్రభుత్వం నియమించిన సాగరమిత్ర గాని, మత్స్యశాఖ సహాయకుడు గాని ఉంటే వారి సాయం తీసుకోవచ్చు, కాని పుస్తకం మాత్రం ఊరి చేతిలోనే ఉండాలి.

వారానికి ఒకసారి, ఎక్కువగా పడే ఒక చేపను ఎంచుకొని, ఏరకుండా తీసిన యాభై చేపలను పలక మీద పెట్టి పొడవు కొలవాలి. మూతి కొస నుంచి తోక కొస దాకా కొలిచే పద్ధతిని మొదటి రోజు నిర్ణయించుకొని ఎన్నటికీ మార్చకూడదు. అదే సమయంలో వాటిలో కొన్నిటి కడుపు చీల్చి జన ఉన్నదీ లేనిదీ రాయాలి. ఒక ఏడాది ఇలా చేస్తే రెండు విషయాలు తేలతాయి. ఒక లీటరు డీజిల్‌కు ఎన్ని కిలోలు వస్తున్నాయన్నది మొదటిది. మొత్తం పట్టుబడి తగ్గకపోయినా ఈ లెక్క తగ్గుతున్నదంటే, మనం చేపను ఇంకా ఇంకా దూరం తరుముతున్నామని అర్థం. ఏ పొడవు దగ్గర చేపకు జన పడుతున్నది, మన వలలో ఎన్ని చేపలు అంతకంటె పొట్టివి అన్నది రెండవది. సగానికి పైగా చేపలు ఒక్కసారైనా గుడ్లు పెట్టక ముందే వలలో పడుతున్నాయని తేలిన చోట వల కన్ను మార్చక తప్పదు.

ఇలాంటి కొలతల మీదనే కేరళ ప్రభుత్వం 2015లో కొన్ని జాతులకు పట్టదగిన కనీస పొడవులను ప్రకటించింది. నూనె కవ్వలకు 10 సెంటీమీటర్లు, కానాగర్తలకు 14 సెంటీమీటర్లు అక్కడి కట్టుబాటు. మన నీళ్ళలోని చేపకు ఆ కొలతలు అచ్చంగా సరిపోవాలని లేదు కాబట్టే మన పుస్తకం మనకు కావాలి.

వల కన్ను

వల కన్నును కొలిచేటప్పుడు తడివలను తీసుకొని, కన్నును ఎదురెదురు ముడులు పట్టుకొని బిగుతుగా లాగి, ఆ ముడుల మధ్య లోపలి దూరం చూడాలి. ఒక్క కన్ను కాకుండా వరుసగా పది కన్నులు కొలిచి సగటు తీయాలి, ఎందుకంటే వాడిన వల సాగిపోయి గాని ముడుచుకుపోయి గాని ఉంటుంది. మర పడవ వెనుక లాక్కుపోయే ట్రాలు వలలో అసలు విషయం చివరి సంచిలో ఉంటుంది. సాధారణంగా ఉండే డైమండు ఆకారపు కన్నులు వల లాగుతున్నప్పుడు బరువుకు మూసుకుపోతాయి. అందువల్ల కన్ను పెద్దదని చెప్పుకున్నా పిల్లచేప తప్పించుకునే దారి ఉండదు. చదరపు కన్నులతో అల్లిన సంచి లాగినప్పుడు కూడా తెరుచుకునే ఉంటుంది. సంచి ఒక్కటి మార్చడానికి అయ్యే ఖర్చు మొత్తం వల ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ కనుక, మర పడవల యజమానులతో మాటలు ఇక్కడి నుంచి మొదలుపెట్టడం మంచిది.

తాబేలు తప్పించుకునే చట్రం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన తీరపు ఇసుకలో గుడ్లు పెట్టడానికి వస్తాయి. ట్రాలు వలలో చిక్కి గాలి పీల్చుకోలేక చచ్చిన వాటి శవాలు ఒడ్డుకు కొట్టుకురావడం మనం ఏటా చూస్తున్నదే. టెడ్ అని పిలిచే ఆ చట్రాన్ని కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగినట్లు తయారు చేసింది. దాన్ని వాడడం లేదన్న కారణంతోనే అమెరికా 2019 నుంచి మన దేశపు సముద్రపు రొయ్యల దిగుమతిని ఆపివేసింది. దాని ద్వారా కొంత రొయ్య జారిపోతుందన్న సరంగుల భయాన్ని కొట్టిపారేయకూడదు. రెండు పడవలు పక్కపక్కన, ఒకటి చట్రంతో ఒకటి చట్రం లేకుండా, పది రోజులు లాగి లెక్క చూసుకుంటే మాటల కంటె ఆ లెక్క ఎక్కువ పని చేస్తుంది.

ఏళ్ళలో దోమతెర వలలు, కయ్యకు అడ్డంగా రాత్రంతా కట్టి ఉంచే సన్నకన్ను వలలు, పురుగుమందు పోసి రొయ్యను తేల్చి పట్టడం అన్న మూడింటిలో చివరిదానికి ఏ మినహాయింపూ ఉండకూడదు. మందు పోసిన ఏట్లో ఆ రోజు పట్టిన రొయ్యతో పాటు ఆ ఏడాది పెరగవలసినవన్నీ చస్తాయి. దాన్ని తిన్నవారి ఆరోగ్యానికీ హామీ లేదు. మిగిలిన రెండు వలల విషయంలో అంత సులువుగా తీర్పు చెప్పలేము. దోమతెర పట్టుకొని మోకాటి లోతు నీళ్ళలో నిలబడేది చాలాచోట్ల పడవ లేని ఇంటి ఆడవారు. ఆ వల తీసుకుంటే ఆ పూట వారికి కూర లేదు. కాబట్టి ముందు వారికి పెద్దకన్ను విసురు వలలు గాని, పీత బుట్టలు గాని, ఎండుచేప పనిలో వాటా గాని చూపించి, ఆ తరువాతనే దోమతెరను ఆపమని అడగాలి. ఈ వరుస తప్పిన ఊళ్ళలో కట్టుబాటు ఒక్క ఏడాది కూడా నిలబడదు.

సముద్రంలో మరొక గీత ఉంది. 1994 నాటి రాష్ట్ర సముద్ర మత్స్య వేట నియంత్రణ చట్టం కింద తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు నీళ్ళను సంప్రదాయ పడవలకు కేటాయించారు. మర పడవలు ఆ గీతకు అవతలనే వల వేయాలి. రాత్రివేళ గీత దాటి లోపలికి వచ్చిన పడవ గురించి ఫిర్యాదు చేయాలంటే సమయం, ఫోనులో చూపించే అక్షాంశ రేఖాంశాలు, పడవ సంఖ్య రాసి ఉండాలి. కోపంతో వలలు కోసుకోవడం వల్ల రెండు వైపులా నష్టం తప్ప మిగిలేదేమీ లేదు.

నీటికి విశ్రాంతి

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. 2015కు ముందు ఇది 47 రోజులే ఉండేది. నిషేధ కాలపు భృతిని రాష్ట్ర ప్రభుత్వం 2019లో 10,000 రూపాయలకు, 2025లో 20,000 రూపాయలకు పెంచింది. భృతి ఎంత ఉన్నా అది చేతికి వచ్చే తేదీ మన చేతిలో లేదు. అందుకని సంక్రాంతి తరువాత వేట బాగా సాగే రోజుల్లోనే ప్రతి పడవా తన అమ్మకంలో కొంత వాటాను పొదుపు సంఘంలో వేసి, నిషేధం మొదలైన రోజున కళాసీల ఇళ్ళకు బియ్యం పప్పు ఇప్పించే ఏర్పాటు చేసుకోవాలి. ఇంట్లో గింజలు ఉన్నవాడే నిషేధాన్ని పాటించగలడు. బంగ్లాదేశ్ ఈ సూత్రాన్నే పట్టుకుంది. 25 సెంటీమీటర్ల లోపు ఇలస పిల్లలను పట్టకూడదని నియమం పెట్టి, ఆ నెలల్లో మత్స్యకార కుటుంబానికి నెలకు 40 కిలోల బియ్యం ఇస్తూ, గుడ్లు పెట్టే రోజుల్లో పెద్ద చేపల వేటనూ ఆపింది. 2002-03లో సుమారు 2 లక్షల టన్నులుగా ఉన్న అక్కడి ఇలస పట్టుబడి 2017-18 నాటికి 5 లక్షల టన్నులు దాటింది. అక్కడ కూడా బియ్యం అందని కుటుంబాలు ఉన్నాయి, దొంగచాటు వేటా ఉంది. అయినా ఆ ఇలస, మన పులస ఒకే జాతి చేప కనుక ఆ ఉదాహరణ మనకు దగ్గరిది.

ప్రభుత్వ నిషేధం సముద్రానికి సరిపోవచ్చు. జూన్ 15 తెల్లవారుజామున అన్ని పడవలూ ఒక్కసారిగా దిగి, రెండు నెలల్లో పెరిగిన పిల్లచేపనంతా సన్నకన్ను వలలతో ఊడ్చేస్తే ఆ 61 రోజుల ఓపిక వృథా అవుతుంది. పైగా మన ఏళ్ళలో విశ్రాంతి కావలసిన నెలలు వేరు. కాబట్టి సుద్దముక్కతో గీసిన ఆ పటంలో రొయ్యపిల్ల బాగా ఆగే ఒక్క ఏటిని ఎంచుకొని ఆరు నెలలు మూసి చూడాలి. ఒక్క ఏరే అని గట్టిగా చెబుతున్నాను. మొదటి ఏడాదే మూడు నాలుగు ఉప్పుటేళ్ళను మూస్తే జనం తిరగబడతారు. ఆఫ్రికా పక్కన ఉన్న మడగాస్కర్ ద్వీపంలో అందవదువక అనే పల్లె 2004లో ఇలాగే తమ దిబ్బల్లో ఒక్క భాగంలో ఆక్టోపస్ వేటను కొన్ని నెలలు ఆపి చూసింది. తెరిచిన రోజున బరువైన ఆక్టోపస్‌లు దొరకడం చూసి చుట్టుపక్కల పల్లెలు ఎవరూ చెప్పకుండానే ఆ పద్ధతిని ఎత్తుకున్నాయి. మూసిన ఏటి రెండు చివరలా వెదురు గెడలకు ఎర్రగుడ్డ కట్టి, తెరిచే తేదీని రామాలయం గోడ మీద రాసి, తెరిచిన రోజున ఊరంతా కలిసి వేటకు దిగాలి. తొలి వాటా ఆ ఏటి మీద ఆధారపడి బతికినవారికే ఇవ్వాలి.

చీరమేను గురించి ఊరు ఒక నిర్ణయానికి రావాలి. దాన్ని పూర్తిగా ఆపమంటే ఎవరూ వినరని నాకు తెలుసు, వినమని ఒత్తిడి చేయడమూ న్యాయం కాదు. వారంలో మూడు రోజులు మాత్రమే పట్టాలని, మొగ నోటి దగ్గర కాకుండా ఎగువన ఒక గుర్తు దాటాకనే పట్టాలని కట్టుబాటు చేసుకుంటే, పోటుతో వచ్చిన పిల్లల్లో కొంత భాగమైనా ఏళ్ళలోకి చేరుతుంది.

మడ అడవి

కాకినాడ పక్కన 235.70 చదరపు కిలోమీటర్ల కోరింగ అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు. ఆ అడవి మన రొయ్యకు పురిటిల్లు. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపానులో వెయ్యి మందికి పైగా చనిపోయినప్పుడు, మడ దట్టంగా ఉన్న వైపు ఊళ్ళలో అలల పోటు తగ్గిందని ఆ రాత్రి బతికి బయటపడినవారు ఇప్పటికీ చెబుతారు.

మడ మొక్క నాటడం కంటె మడకు నీళ్ళు చేర్చడం ముఖ్యం. చెట్లు నరికిన చోట నేల కుంగి, పోటు నీరు చేరి వెనక్కు పోలేక ఎండకు ఆవిరై, ఉప్పు పేరుకుపోతుంది. అలాంటి చోట ఎన్ని మొక్కలు నాటినా చస్తాయి. మన డెల్టాలో స్వామినాథన్ పరిశోధనా సంస్థ ఊరివారితో కలిసి వాడిన చేపముల్లు కాలువల పద్ధతి ఇందుకు పనికి వస్తుంది. ఏటి నుంచి ఒక పెద్ద కాలువ తవ్వి, దానికి రెండు వైపులా సుమారు 45 డిగ్రీల వాలులో చిన్న కాలువలు తీస్తే పైనుంచి చూసినప్పుడు చేపముల్లులా కనిపిస్తుంది. రోజూ పోటుకు నీరు ఎక్కి ఆటుకు దిగిపోతూ ఉప్పును కడిగేస్తుంది. ఆ కాలువ గట్ల వాలులో, నీరు తాకి పోయే ఎత్తున మొక్క పెట్టాలి. ఉప్పును బాగా తట్టుకునే తెల్లమడను ముందు నాటి, నీరు కుదురుకున్నాక నల్లమడ, ఉప్పుపొన్న వంటివి కలపాలి. కాలువల్లో పూడిక తీయడం మానేస్తే రెండు మూడేళ్ళలో మళ్ళీ మొదటికి వస్తుంది. అడవి భూమి కాబట్టి అటవీశాఖ అనుమతితో, వన సంరక్షణ సమితి పేరుమీదనే ఈ పని చేయాలి. పశువులను రెండేళ్ళు దూరం ఉంచడం అన్నిటికంటె కష్టమైన భాగం.

ఒడ్డుకు వచ్చాక

ఆహార భద్రత గురించి మాట్లాడేవారు ఎక్కువగా వేట దగ్గరే ఆగిపోతారు. నా అనుభవంలో మనం పోగొట్టుకునేదానిలో పెద్ద భాగం ఒడ్డు మీద పోతుంది. మండువేసవిలో మంచు లేకుండా పడి ఉన్న చేప కొన్ని గంటల్లోనే చెడుతుంది. చెడిన చేప తక్కువ ధరకు చేపపొడి గోదాములకు పోతుంది. అక్కడి నుంచి కోళ్ళ మేతగా, రొయ్యల మేతగా మారి మన ఊరి నోటికి దూరమవుతుంది. అలా పోయిన కవ్వలు, నెత్తళ్ళను చెత్త చేప అని పిలవడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది. ఆ చేపను తలతో, ముల్లుతో సహా తినగలం కనుక ఎముకకు కావలసిన సున్నం, కంటికి కావలసిన విటమిన్ ‘ఎ’, రక్తానికి కావలసిన ఇనుము పెద్ద చేప ముక్కలో కంటె దానిలోనే బాగా దొరుకుతాయి. పశ్చిమ ఆఫ్రికాలో సెనెగల్, గాంబియా తీరాల్లో చేపపొడి కర్మాగారాలు వచ్చాక అక్కడి పేదల ప్రధాన చేప అయిన కవ్వల జాతి ప్రియమైపోయిందని అక్కడి మత్స్యకార స్త్రీలు మొత్తుకుంటున్నారు. ఆ దారి మనకు వద్దు.

పడవలోనే మొదలుపెట్టాలి. కిలో చేపకు కిలో మంచు మన ఎండలకు తగిన లెక్క. పెట్టెలో అడుగున ఒక వరుస మంచు, దాని మీద చేప, మళ్ళీ మంచు అన్న పద్ధతిలో పేర్చి, కరిగిన నీరు పోయేందుకు అడుగున రంధ్రం ఉంచాలి. కరిగిన నీళ్ళలో నానిన చేప మంచు ఉన్నా చెడుతుంది. కానాగర్తల వంటి చేపలను ఎండలో వదిలేసి తరువాత మంచులో పెట్టినా, అప్పటికే వాటిలో తయారైన పదార్థం వండినా పోదు. తిన్నవారికి దద్దుర్లు, ఎర్రబడటం, తలనొప్పి వస్తాయి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలు దొరికే చోట్ల సమాచారాన్ని, అలల హెచ్చరికలను తెలుగులో పంపుతుంది. దాన్ని చూసి వెళితే వెతుకులాట తగ్గి, మిగిలిన డీజిల్ డబ్బుతో మంచు కొనవచ్చు.

ఎండుచేప విషయం ఇంకా వివరంగా చెప్పాలి, ఎందుకంటే సముద్రానికి దూరంగా ఉన్న కొండ మండలాల సంతల దాకా వెళ్ళే చేప ఇదొక్కటే, దాన్ని నడిపించేది పూర్తిగా స్త్రీలే. ఇసుక మీద ఆరబెట్టిన నెత్తళ్ళలో ఇసుక, ఈగలు, కుక్కల పాలయ్యే భాగం చాలా ఉంటుంది. నడుము ఎత్తు వెదురు బల్లలు కట్టి, పైన పాత వలను బిగించి పరిచి, దాని మీద ఆరబెడితే కింది నుంచి కూడా గాలి తగిలి త్వరగా ఎండుతుంది. ఈగలు వాలకుండా పైన పలుచని తెర కప్పాలి. నెత్తళ్ళ వంటి సన్న చేపను శుభ్రమైన నీళ్ళలో కడిగి, పది పదిహేను నిమిషాలు ఉప్పునీళ్ళలో ఉంచి తీసి ఆరబెట్టాలి. పెద్ద చేపను వీపు వైపు చీల్చి, పేగులు తీసి, మొప్పలు తీసి, నాలుగు కిలోల చేపకు ఒక కిలో ఉప్పు లెక్కన పట్టించి, ఒక రాత్రి ఊరనిచ్చి ఎండలో పెట్టాలి. వేలితో నొక్కితే గుంట పడకూడదు, వంచితే మెత్తగా వంగకూడదు, అప్పుడే ఎండినట్లు. పురుగు పట్టకుండా మందు చల్లే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది తినేవారికి విషం పెట్టడమే కనుక ఊరి నుంచి అలాంటి సరుకు ఒక్క గంప కూడా బయటకు పోకుండా స్త్రీల సంఘమే కట్టడి చేయాలి. బాగా ఎండిన చేపను తేమ చొరని సంచుల్లో కట్టి, నేలకు తాకకుండా చెక్కల మీద ఉంచితే వానాకాలం అంతా నిలుస్తుంది.

ప్రతి వేటలోనూ గంపెడు చిన్న చేపను ఇంటి కూరకని, పడవ లేని ఇళ్ళకని పక్కన తీసే పాత అలవాటు డబ్బు లెక్కలు వచ్చాక సన్నగిల్లింది. దాన్ని కట్టుబాటుగా మళ్ళీ రాసుకోవాలి. ఒడిశాలో అంగన్‌వాడీ పిల్లల భోజనంలో ఎండిన చిన్న చేపల పొడిని కలిపి పెట్టి చూశారు. శుభ్రంగా ఎండబెట్టిన నెత్తళ్ళ పొడిని మన అంగన్‌వాడీలకు అమ్ముకునే అవకాశం గురించి స్త్రీల సంఘాలు మండల అధికారులను అడగవచ్చు.

చెరువుల వారితో

డెల్టాలో ఇప్పుడు చేప అంటే చెరువే అనుకునేవారు ఎక్కువ. వెనామీ రొయ్యకు 2009లో అనుమతి వచ్చాక చెరువులు ఇంకా పెరిగాయి. చెరువును తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. అయితే ఏటి ఒడ్డున చెరువు ఉన్నవారు మూడు విషయాల్లో ఊరికి మాట ఇవ్వాలి. 2005 నాటి చట్టం ప్రకారం తీరప్రాంత జలచర సాగు ప్రాధికార సంస్థ దగ్గర నమోదు చేయించుకోవాలి. జబ్బు వచ్చిన చెరువు నీటిని శుద్ధి చేయకుండా ఏట్లోకి వదలకూడదు. మడను నరికి గట్టు వేయకూడదు. ఊరికి చెరువు ఉంటే, చేపపొడి మేత ఎక్కువ అక్కరలేని పాలబొంత, కత్తిపరిగ, మంచినీళ్ళయితే బొచ్చె, శీలావతి పెంచడమే పేదల కూర దృష్టితో మేలు. పండుగప్పకు ధర బాగా వస్తుంది గాని అది చేపను తిని పెరిగే చేప.

కట్టుబాటును ఎవరు చేస్తారు

పెద్దలు నలుగురు కూర్చొని చేసిన నియమాన్ని కళాసీ గౌరవించడు. సంఘంలో పడవ యజమానులు, కళాసీలు, గంప స్త్రీలు, ఏళ్ళలో చేతివేట చేసే యానాదులు, చెరువుల వారు అందరూ ఉండాలి. వీరిలో ఏ ఒక్కరికి ఎంత నష్టమో ముందుగా కాగితం మీద రాసుకోకుండా ఏ నిర్ణయమూ చేయకూడదు. జరిమానా మొదటిసారి మాటతో, రెండవసారి ఒక రోజు వేట విలువలో కొంత భాగంతో, ఆ తరువాత కొన్ని రోజులు వేట ఆపడంతో ఉండాలి. వచ్చిన సొమ్ము నిషేధ కాలపు బియ్యానికే పోవాలి. యానాం పుదుచ్చేరి పాలనలో ఉంది, ఎదుటి ఒడ్డు మన రాష్ట్రంలో ఉంది. నీరు మాత్రం ఒకటే. కాబట్టి మూసిన ఏటి గురించి, చీరమేను రోజుల గురించి అటు ఊళ్ళ పెద్దలతో ముందే మాట్లాడి, రెండు ఒడ్డులా ఒకే తేదీలు రాయించాలి. ఒక ఒడ్డు మూసి రెండవ ఒడ్డు తెరిచి ఉంటే మొదటి ఒడ్డువారు వారం కూడా ఆగరు.

ఏటా ఏప్రిల్ 14 సాయంత్రం, పడవలన్నీ ఒడ్డుకు చేరాక, నోటు పుస్తకంలోని లెక్కలను ఒడ్డునే అందరి ముందూ గట్టిగా చదివించాలి. లీటరుకు వచ్చిన కిలోలు, కొలిచిన చేపల పొడవు, మూసిన ఏట్లో తెరిచిన రోజు పడిన రొయ్య, ఇంటి కూరకు తీసిన గంపలు అందులో ఉండాలి. మూడేళ్ళు గడిచినా ఏ లెక్కా మెరుగుపడకపోతే, ఆ ఏటిని తెరిచి పటం మీద మరో ఏటిని ఎంచుకోవాలి.